వార్తాహరములు - గ్రాహకములు
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కవిసమ్మేళనమునకును నాటకమునకును నడుమ నాకొక అరగంట కాలమిచ్చి, వైద్యశాస్త్రములో ఏదేని యొక విషయమును అందరకును బోధపడునట్లు చెప్పవలసినదని మన కార్యదర్శిగారు కోరినారు. నాటకమునకు వేషములు వేసికొనుచున్న పిల్లలను ఎక్కువసేపు నిలువబెట్టుట న్యాయము కాదు గనుక ఉపోద్ఘాతమును విడిచి విషయమునకు వచ్చెదను.

మనలో అనేకులము ఉద్యోగరీత్యా స్వస్థలములకు దూరముగా నున్నవారము. తల్లిదండ్రులు వృద్ధులైన పిమ్మట వారిని మన క్వార్టర్లకు తెచ్చుకొందుము. వారి వెంట ఊరగాయ జాడీలతోపాటు ఒక మందుల సంచియు వచ్చును. అందులో ఊరి డాక్టరుగారు వ్రాసిన బి.పి. మాత్రలుండును, ఇక్కడి డిస్పెన్సరీలో ఇచ్చినవి కొన్ని, కళ్లు తిరుగుచున్నవని ఎవరో చెప్పగా కొన్నవి కొన్ని, జలుబునకు, నిద్రకు, మూత్రబాధకు వేరువేరుగా మరికొన్ని. ఒక్కొక్క మందు ఒక్కొక్క రోగమునకని మనము తలంతుము. మందు మాత్రము అట్లు తలంపదు. అది రక్తములో కలిసి, తనకు అమరిన చోటునకెల్ల పోవును. ఆ సంగతి అర్థము కావలెనన్న మన దేహములో నాడీకణములు ఒండొంటికి వార్తలు పంపుకొను పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను.

ఒక నాడీకణపు కొనకును దాని ప్రక్క కణమునకును నడుమ మిక్కిలి సన్నని సందు కలదు. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. అట్టి సందులు 50,000 ప్రక్కప్రక్కన పేర్చిన ఒక మిల్లీమీటరగును. నాడి వెంట విద్యుత్తరంగముగా వచ్చిన వార్త, ఆ సందు దాటుటకు సాధారణముగా రసాయన రూపము ధరించును. కొననుండి ఒక రసాయనము చిమ్మబడును. అది ఆవలి ఒడ్డుననున్న కణముపై తనకొరకై యుంచిన అణువును తాకును. అంతట ఆ కణము మేల్కొనుటయో, శాంతించుటయో జరుగును. చిమ్మబడిన రసాయనమును ఆంగ్లమున న్యూరోట్రాన్స్‌మిటరు అందురు. నేను వార్తాహరము అందును. ఆవలి ఒడ్డున దానిని అందుకొను అణువు గ్రాహకము.

ఈ గ్రాహకమను భావనను మొదట స్పష్టముగా ప్రతిపాదించిన వారిలో ఒకరు కేంబ్రిడ్జిలోని జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ. పొగాకులోని నికోటిన్ కండరమును ముడుచుకొనజేయుననియు, దక్షిణ అమెరికాలో బాణములకు పూయు కురారే విషము దానిని అడ్డుననియు, ఆ కండరమునకు పోవు నాడి క్షీణించిన పిదపను ఈ ప్రభావములు కనబడుననియు ఆయన చూచెను. నాడియే లేనప్పుడు ఈ రెండును దేనితో కలహించుచున్నవి? కండరములోనే ఏదియో గ్రహించు పదార్థముండవలెనని 1905లో ఆయన నిశ్చయించెను. వార్తాహరమునకు సాక్ష్యము 1921లో ఆటో లోవీ చూపెను. ఆయన ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఒక కప్ప గుండెకు పోవు నాడిని ప్రేరేపించి, గుండె మందగించిన పిమ్మట అందలి ద్రవమును రెండవ కప్ప గుండెపై పోయగా అదియు మందగించెను. ఈ ప్రయోగము ఆయనకు కలలో తోచెనట. మొదటి రాత్రి లేచి కాగితముపై వ్రాసికొనెనుగాని, తెల్లవారిన పిమ్మట తన వ్రాత తనకే తెలియలేదు. మరునాటి రాత్రి ఆ కల మరల వచ్చినదట. మనకందరకును అట్టి కలలు ఒక్కసారి కంటె ఎక్కువ రావు! ఆ ద్రవములోని వార్తాహరమే ఎసిటైల్‌కోలిన్. లోవీకిని, ఆయన మిత్రుడు హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంతవరకు కథ సరళము. చిక్కు ఇచ్చటనే ఆరంభమగుచున్నది. ఈ ఎసిటైల్‌కోలిన్ గుండెను నెమ్మదింపజేయును. చేతి కండరమునో ముడుచుకొనజేయును. ఒకే అణువు ఒకచోట "ఆగుము" అనియు, మరియొకచోట "కదలుము" అనియు ఎట్లు చెప్పగలిగినది? డేల్ 1914లోనే గమనించినదేమనగా, దాని పనులు రెండు వర్గములుగా నున్నవి. కొన్ని పనులను ఒక విషపు పుట్టగొడుగులోని మస్కరిన్ అనుకరింపగలదు. కొన్నిటిని నికోటిన్ అనుకరింపగలదు. మస్కరిన్ ఎసిటైల్‌కోలిన్ కాదు; నికోటిన్ అసలే కాదు. అయినను దాని గ్రాహకములను తాకి దాని పని చేయుచున్నవి. వార్తాహరము ఒక్కటే, గ్రాహకముల కుటుంబములు రెండు. వార్తకు అర్థము వార్తాహరములో లేదు; దానిని అందుకొను గ్రాహకములోను, ఆ గ్రాహకమున్న కణములోను కలదు. కార్యాలయములో ఒకే సర్క్యులరు ఒక సెక్షనులో "అమలుపరచుడు" అనియు, ప్రక్క సెక్షనులో "ఆపివేయుడు" అనియు అర్థమగుట మీకు నేను చెప్పవలసిన సంగతి కాదు.

భోజనానంతరము మనము వేసికొను తాంబూలములోను ఇట్టి యొక బయటివాడు కలడు. వక్కలోని అరెకోలిన్ అను పదార్థము ఎసిటైల్‌కోలిన్ గ్రాహకములను తాకును. నోరూరుటలో దానికిని వంతు కలదు. వక్క నోటి క్యాన్సరునకు కారణమని నిర్ధారితమైనది గనుక, దీనిని తాంబూలమునకు ప్రశంసగా గ్రహింపవలదని మనవి.

ఈ రెండు కుటుంబముల భేదము పుస్తకములోని సూక్ష్మముగా కనిపింపవచ్చును. మన పల్లెలలో అది ప్రాణసంకటముగా కనిపించును. పంట పొలములలో చల్లు పురుగుమందులలో ఆర్గనోఫాస్ఫేటులను జాతి యొకటి కలదు. పని ముగిసిన ఎసిటైల్‌కోలిన్‌ను విరుగగొట్టి శుభ్రపరచు ఎంజైమును ఇవి పట్టి బంధించును. చేతులకు, ముఖమునకు రక్షణ లేక మందు చల్లువాని దేహములోనికి ఇది చర్మము గుండను, ఊపిరి గుండను పోగలదు. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ పోగుపడి రెండు కుటుంబముల గ్రాహకములను ఒక్కమారుగ తాకును. కన్నీరు, చొంగ, చెమట కారిపోవును, కంటిపాప సూదిమొనయంత అగును, ఊపిరితిత్తులలో ద్రవము నిండును, గుండె మందగించును. ఇవి మస్కరిన్ కుటుంబపు చేష్టలు. కండరములు అదిరి, పిమ్మట సత్తువ తప్పి చచ్చుబడును. ఇది నికోటిన్ కుటుంబపు చేష్ట.

ఆసుపత్రిలో దీనికి ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్. మన ఉమ్మెత్తలోని విషమే అది. అట్రోపిన్ మస్కరిన్ కుటుంబపు గ్రాహకములను మూసివేయును. అందుచే ఊపిరితిత్తులు ఆరు వరకు, గుండె కోలుకొను వరకు డాక్టర్లు దానిని మరల మరల, సాధారణముగా ఊహింపనంత మోతాదున ఎక్కింతురు. కాని నికోటిన్ కుటుంబపు గ్రాహకములు దానికి లొంగవు. అట్రోపిన్ ఎంత ఇచ్చినను చచ్చుబడిన ఊపిరి కండరములు లేవవు. కనుక రోగి కొన్ని దినములు వెంటిలేటరుపై నుండవలసి రావచ్చును. "మందు పనిచేసినదన్నారు, చొంగ ఆగినది, కన్ను విచ్చినది, మరి ఊపిరి యంత్రమెందుకు?" అని బంధువులు అడుగుదురు. సమాధానము లాంగ్లీ, డేల్‌ల కాలమునుండియు ఉన్నది. ఊరి వైద్యమునకై కాలయాపన చేయక, వెంటిలేటరున్న ఆసుపత్రికి తరలింపవలసిన కారణమును అదియే.

ఇక ఎడ్రినలిన్ సంగతి. ఇది ఒక పెద్ద కుటుంబములో కడగొట్టుది. మనము తిను ఆహారములోని టైరోసిన్ నుండి దేహము డోపా అను పదార్థమును, దానినుండి డోపమిన్‌ను, దానినుండి నారెడ్రినలిన్‌ను, దానినుండి ఎడ్రినలిన్‌ను చేయును. డోపమిన్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువు చేర్చిన నారెడ్రినలిన్. దానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్‌ల చిన్న గుచ్ఛము తగిలించిన ఎడ్రినలిన్. తాత, తండ్రి, మనుమడు ఒకే పోలికతో నుండగా, వాకిటిలోని వాడు ఒకరి నొకరని భ్రమపడుటలో వింత లేదు. గ్రాహకములును అట్లే భ్రమపడును.

ఎడ్రినలిన్ కొన్ని రక్తనాళములను ముడుచును, కొన్నిటిని సడలించును. ఈ విరోధమును వివరించుటకు 1930 దశాబ్దములో పెద్దలు రెండు వేరు వార్తాహరములున్నవని ఊహించిరి. 1948లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రేమండ్ ఆల్‌క్విస్ట్ అను ఆచార్యుడు మరియొక దారిలో ఆలోచించెను. ఎడ్రినలిన్‌ను పోలిన కొన్ని పదార్థములను వరుసగ తీసికొని, ఒక్కొక్క అవయవముపై ఏది ఎంత బలముగ పనిచేయునో కొలిచెను. ప్రతి అవయవమునకును ఒక్కొక్క వరుస వచ్చునేమో యనుకొనిన, రెండే వరుసలు వచ్చినవి. రక్తనాళములు ముడుచుకొనుట వంటి పనులకు ఎడ్రినలిన్ ముందు, ఐసోప్రినలిన్ చివర. గుండె వడి, ఊపిరిగొట్టములు సడలుట వంటి పనులకు ఐసోప్రినలిన్ ముందు, నారెడ్రినలిన్ చివర. కనుక వార్తాహరములు రెండు కావు, గ్రాహకములు రెండు అని చెప్పి, వానికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టెను. ఆ వ్యాసమును మొదట పంపిన పత్రిక తిరస్కరించినది. మరియొక పత్రిక ప్రచురించినది. చాలకాలము దానిని పట్టించుకొన్నవారు స్వల్పము. ఉత్తరము రెండు ఇండ్లకు చేరుచున్నదన్నంత మాత్రమున, ఉత్తరములు రెండు జాతులని తలచుట ఎంత సులభమో చూడుడు.

పట్టించుకొన్నవాడొకడు స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ బ్లాక్. గుండెనొప్పి రోగికి గుండెకు ఎక్కువ రక్తము పంపుటకై అందరును పాటుపడుచుండగా, గుండె చేయు పనినే తగ్గింపరాదా అని ఆయన యోచించెను. బీటా గ్రాహకములను మూసిన గుండె ఉద్రేకపడదు. అట్లు 1964లో ప్రొప్రనలాల్ వెలువడినది. 1988లో ఆయన నోబెల్ బహుమానమును పంచుకొనెను. కాని బీటా గ్రాహకములు గుండెలోనే కాక ఊపిరిగొట్టములలోను కలవు. గుండెకని ఇచ్చిన ప్రొప్రనలాల్ అచ్చటికిని పోయి వానిని మూయును. ఉబ్బసమున్నవానికి అది ప్రాణాపాయము కావచ్చును. ఈ మందు నేడును వాడుకలో నున్నది. చేతి వణకునకు, పార్శ్వపునొప్పికి, థైరాయిడు ఉద్రేకమునకు వ్రాయుదురు. "నాకు చిన్నప్పుడు ఉబ్బసముండెడిది" అను ఒక్క మాటను డాక్టరుతో చెప్పుట ఎంత ముఖ్యమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

దీనికి ఎదురు ప్రక్క చూడుడు. ఉబ్బసమునకు ఐసోప్రినలిన్ పీల్చినవారికి ఊపిరి విచ్చినను, గుండె పరుగెత్తెడిది. గుండెలోని బీటాకును, ఊపిరిగొట్టములలోని బీటాకును స్వల్ప భేదము కలదని 1967లో తేలినది. 1969లో రెండవదానినే ఎక్కువగ తాకు సాల్బుటమాల్ వచ్చినది. ఎక్కువగ అన్నాను గాని, దానినే యని అనలేదు. మోతాదు పెరిగిన అదియు గుండెను తట్టును, చేతులను వణకించును. ఇప్పుడొక లెక్క చెప్పెదను. ఇన్‌హేలరు ఒక్కసారి నొక్కిన వచ్చునది 100 మైక్రోగ్రాములు. ఒక మాత్రలో 4 మిల్లీగ్రాములుండును, అనగా దానికి 40 రెట్లు. ఊపిరిగొట్టమునకు నేరుగ పోయిన కొంచెము చాలును. కడుపు గుండ రక్తములో కలిసి ఊరెల్ల తిరిగి పోవలసినది అంత కావలెను. "ఇన్‌హేలరు బలమైన మందు, బిడ్డ అలవాటు పడును, సిరపు మేలు" అను మాట మన తెలుగిండ్లలో తరచుగ వినబడును. ఇచ్చట బలమైన మోతాదు సిరపుదే. (ఉబ్బసములో గొట్టముల లోపలి వాపునకు వేరే మందు పీల్చవలసి యుండును. సాల్బుటమాల్ ఒక్కటియే చికిత్స కాదు.)

కుటుంబములోని తాత డోపమిన్‌ను చూచెదము. దాని కథకు మన దేశముతో సంబంధము కలదు. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించుననియు, మనోవికారమును శమింపజేయుననియు 1931లో కలకత్తాలో సేన్, బోస్ అను వైద్యులు వ్రాసిరి. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ వ్రాసిన వ్యాసముతో అది ప్రపంచమున ప్రసిద్ధి కెక్కెను. 1952లో స్విట్జర్లండులో ఆ వేరునుండి రిసర్పిన్‌ను విడదీసిరి. డోపమిన్, నారెడ్రినలిన్, సెరటోనిన్ - ఈ మూడు వార్తాహరములను నాడీకణము తన గోదాములలో నింపుకొనుటకు వాడు పంపు ఒక్కటే. రిసర్పిన్ ఆ పంపును ఆపును. ఒక్క తలుపు మూసిన మూడు గోదాములును ఖాళీ! రక్తపుపోటు తగ్గుటయు, కొందరికి మనసు క్రుంగుటయు, కొందరికి పార్కిన్సన్ వ్యాధివంటి బిగుసుదల వచ్చుటయు అందుచేతనే. 1957లో స్వీడనునందు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలమెదలక పడియుండగా, వానికి డోపా ఇచ్చి లేపెను. పార్కిన్సన్ వ్యాధికి నేడు ఇచ్చుచున్న లెవోడోపా చికిత్సకు మూలమదియే. 2000లో ఆయనకును నోబెల్ బహుమానము లభించినది.

ఇదే డోపమిన్‌ను ఐ.సి.యు.లో రక్తపుపోటు పడిపోయిన వారికి సెలైనుతో ఎక్కించుదురు. కిలో బరువునకు నిమిషమునకు సుమారు 3 మైక్రోగ్రాముల లోపైన తన సొంత గ్రాహకములను తాకి మూత్రపిండముల రక్తనాళములను సడలించును. 5 నుండి 10 వరకైన గుండెలోని బీటాను తాకి వడి పెంచును. 10 దాటిన ఆల్ఫాను తాకి రక్తనాళములను ముడుచును. ఒకే మందు, ఒకే సీసా. తిప్పు చక్రము కొంచెము జరిపిన వేరొక గుణము. పుస్తకములో చూచుటకు ఎంతో సొగసైన పట్టిక యిది. దీనిని నమ్మి చాలకాలము "మూత్రపిండములను కాపాడు చిన్న మోతాదు" అని ప్రపంచమంతటను ఎక్కించిరి. 2000లో ప్రధానముగా ఆస్ట్రేలియా, న్యూజీలాండు ఆసుపత్రులు 328 మంది రోగులతో పరీక్షించి చూడగా మూత్రపిండములకు రక్షణ ఏమియు కలుగలేదు. 2010లో 1,679 మందిపై జరిగిన పరీక్షలో, డోపమిన్ ఇచ్చినవారికిని నారెడ్రినలిన్ ఇచ్చినవారికిని మరణములలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు గాని, గుండె లయ తప్పుట డోపమిన్ వర్గములో 24 శాతము, నారెడ్రినలిన్ వర్గములో 12 శాతము. ఇతరుల గ్రాహకములను తాకు స్వభావమునకు కట్టిన సుంకమది. ఒకరి దేహములో 3 మైక్రోగ్రాములన్నది మరియొకరి దేహములో 8గా పనిచేయవచ్చును. పట్టికలోని గీతలు మనిషిలో లేవు. నేడు అట్టి రోగులకు మొదట నారెడ్రినలిన్‌నే ఎంచుకొనుచున్నారు.

వార్తాహరములింత అక్రమముగ నుండగా మన దేహము గందరగోళము కాక ఎట్లు నడచుచున్నదని మీకు సందేహము కలుగవచ్చును. న్యాయమైన సందేహము. దేహము నమ్ముకొన్నది తాళమునకు ఒకే తాళపుచెవి అను నియమమును కాదు. వార్తాహరమును ఎక్కడ చిమ్మవలెనో అక్కడనే చిమ్మును, చిటికెడు చిమ్మును, పని తీరగనే ఊడ్చివేయును. ఎసిటైల్‌కోలిన్‌ను విరుగగొట్టు ఎంజైము అణువొక్కటి సెకనుకు వేలకొలది అణువులను విరుగగొట్టగలదు. ప్రక్క సందునకు పాకునంతలో వార్తాహరము మాయమగును. ఈ ఊడ్పులోను ఇచ్చిపుచ్చుకొనుట లేకపోలేదు. మెదడు ముందుభాగమున డోపమిన్‌ను ఏరివేయు పని చాలవరకు నారెడ్రినలిన్‌కై ఏర్పడిన పంపు చేయును. డోపమిన్ గ్రాహకములలో నాల్గవదియైన డి4ను నారెడ్రినలిన్ కూడ గట్టిగనే పట్టుకొనగలదు. కాబట్టి దానిని ఒక్క డోపమిన్ సొత్తని పిలుచుట పాత రికార్డులోని పేరును కొనసాగించుట వంటిది.

గ్లైసిన్ అను మరియొకటి కలదు. వెన్నుపాములో అది కణములను శాంతింపజేయు వార్తాహరము. ముష్టి గింజలలోని స్ట్రిక్నిన్ విషము దాని గ్రాహకమును మూసినప్పుడు ఆ శాంతి తొలగి దేహమంతయు విల్లువలె బిగిసి మూర్ఛలు వచ్చును. ఆ గ్లైసినే మెదడులో ఉద్రేకమునకు తోడ్పడును. గ్లూటమేట్ అను వార్తాహరమునకు చెందిన ఒక ముఖ్య గ్రాహకము, గ్లూటమేట్ ఒక్కటి వచ్చిన తెరచుకొనదు. గ్లైసిన్‌యో, దానికి బదులుగ డి-సెరిన్ అను పదార్థమో కూడ వచ్చి కూర్చుండవలెను. ఇద్దరు సంతకములు చేసినగాని చెల్లని చెక్కు వంటి ఏర్పాటు. గ్లైసిన్ పాత్ర 1987లో వెల్లడియైనది.

ఇప్పుడు మందుల సంచికి వత్తము. మనము మ్రింగిన మాత్ర చిటికెడు కాదు, ఒక్క సందులో చిమ్మబడదు, రెప్పపాటులో ఊడ్వబడదు. అది గంటలకొలది రక్తములో తిరుగును. దేహము పాటించు మూడు కట్టుబాట్లును దానికి లేవు.

తుమ్ములకు వాడు క్లోర్‌ఫెనిరమిన్‌ను చూడుడు. జలుబు మాత్రలనేకములలో అది కలదు. దాని లక్ష్యము హిస్టమిన్ గ్రాహకము. కాని హిస్టమిన్ గ్రాహకమును, మస్కరిన్ కుటుంబపు గ్రాహకమును ఒకే వంశమువి. అట్రోపిన్ వలె కొంత మేరకు ఈ మందు రెండవదానిని కూడ మూయును. యువకునికి నోరెండును, నిద్ర వచ్చును, అంతే. డెబ్బది యేండ్ల తండ్రిగారికి ప్రోస్టేటు గ్రంథి పెరిగియున్నచో మూత్రము బంధించి రాత్రికి రాత్రి ఆసుపత్రికి పోవలసి రావచ్చును. మలబద్ధము హెచ్చును. మెదడులో జ్ఞాపకమునకు ఎసిటైల్‌కోలిన్ ముఖ్యము. వార్ధక్యములో దాని నిలువ తక్కువ. కనుక పెద్దవారు తడబడి మాటలాడుట, రాత్రులందు లేనివారిని పిలుచుట జరుగును. నిద్రకని అమిట్రిప్టిలిన్, మూత్రము ఆగుటలేదని ఆక్సిబ్యుటినిన్ ఇదివరకే వాడుచున్నచో ఈ మూడును ఒకే తలుపును మూడు ప్రక్కల నుండి త్రోయుచున్నవి. ముగ్గురు డాక్టర్లును తమ తమ మందు వరకు సరిగనే వ్రాసియుందురు. పైగా మతిమరపునకు డోనెపెజిల్ కూడ ఇచ్చుచున్నచో అది ఎసిటైల్‌కోలిన్‌ను నిలుపజూచును, ఇవి అడ్డజూచును. పెద్దవారికి జాగ్రత్తగ వాడవలసిన మందుల పట్టికనొకదానిని 1991లో అమెరికాలో మార్క్ బీర్స్ ప్రకటించెను. నేటికిని సవరింపబడుచున్న ఆ పట్టికలో క్లోర్‌ఫెనిరమిన్ కలదు.

కళ్లు తిరుగుటకు ఇచ్చు సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, వాంతికి ఇచ్చు మెటోక్లోప్రమైడ్ - వీనికి వేరొక అలవాటు. ఇవి డోపమిన్ గ్రాహకములను కూడ మూయును. నాలుగు దినములు వాడిన చిక్కు స్వల్పము. చీటీ పాతది, దుకాణము క్రొత్తది, మందు నెలల తరబడి సాగినదనుకొనుడు. అమ్మగారి నడక చిన్న చిన్న అడుగులగును, చేయి వణకును, ముఖమున భావము తగ్గును. చూచినవారు పార్కిన్సన్ అందురు. దానికొక మందు మొదలగును. మొదటి మాత్ర సంచిలో అట్లే యుండును! ఆ మాత్రను డాక్టరు ఆపించిన, వారములలోనో నెలలలోనో అనేకులకు వణకు తగ్గును. మీ అంతట మీరు ఏ మందును హఠాత్తుగ మానిపింపవలదు. కొన్నిటిని మెల్లగ తగ్గింపవలసి యుండును. పేర్ల కాగితము చాలదు, సంచినే తీసికొనిపోయి డాక్టరుగారి బల్లపై పరచుడు. ఆయుర్వేద లేహ్యమును, కంటి చుక్కలను కూడ వదలవలదు. గ్లకోమాకు వేయు టిమొలాల్ చుక్కలు బీటా గ్రాహకములను మూయునవే. కంటిలో వేసిన చుక్క ఉబ్బసమును రేపిన సందర్భములు కలవు.

మందులు ఇతరుల గ్రాహకములను తాకుట కేవలము కీడని నేననను. హిస్టమిన్‌ను అడ్డు మందులను వెదకుచు పోయిన మార్గములోనే 1950లో ఫ్రాన్సుదేశమున క్లోర్‌ప్రొమజిన్ తయారైనది. అది డోపమిన్ గ్రాహకమును కూడ మూయుటచేతనే 1952 నుండి ఉన్మాదరోగులకు చికిత్సగ ఉపయోగపడినది. ఆ రోగులకు నిద్రమత్తు, నోరెండుట, లేచినప్పుడు తల తిరుగుట కూడ అందులో భాగముగనే లభించినవి, ఒక్కొక్కటి ఒక్కొక్క గ్రాహకము పుణ్యమున.

ఉమ్మెత్త సంగతి ముగించి సెలవు తీసికొందును. మన దేశమున ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చు వాడుక పూర్వమునుండి కలదు. 19వ శతాబ్ది ఆరంభమున అది మదరాసు నుండి బ్రిటనుకు పోయి, అక్కడ ఉమ్మెత్త సిగరెట్లుగ అమ్ముడుపోయినది. గొట్టములను అది నిజముగ సడలించెడిది. దానితోపాటు మతిని కూడ చెదరగొట్టెడిది, ఏ యాకులో ఎంత విషమున్నదో కొలత లేదు గనుక చంపనుగల్గెడిది. కావున ఎవ్వరును ఇప్పుడా ప్రయత్నము చేయరాదు. తరువాతి రసాయనజ్ఞులు అట్రోపిన్ అణువులోని నైట్రోజన్‌కు మరియొక చిన్న గుచ్ఛమును తగిలించి, దానికి విడువని విద్యుదావేశము కల్పించిరి. ఆవేశమున్న అణువు క్రొవ్వుపొరలను సులభముగ దాటలేదు. పీల్చిన ఊపిరిగొట్టములలో నిలుచునే గాని రక్తములోనికి కొంచెముగనే పోవును, మెదడులోనికి పోజాలదు. 1970 దశాబ్దములో వచ్చిన ఇప్రట్రోపియమ్ అట్టిది. పొగత్రాగుటచే ఊపిరి చెడిన వృద్ధులకు డాక్టర్లు నెబ్యులైజరులో పోయు మందులలో అదియొకటి.

నాటకమువారు తెర వెనుక నుండి సైగ చేయుచున్నారు.  మందుల పేర్లు వ్రాసికొనవలెనన్నవారు విరామ సమయమున కాఫీ బల్ల యొద్దకు దయచేయుడు.